మీటరు కిందికి దించేది ఏ విధానం? జాతి అసమానతపై యూరప్ దేశాల దారులు, నా ఎంపిక

బల్గేరియాలో డుప్నిత్సా అనే ఊళ్ళో గిజ్దోవా మహలా అని ఒక వాడ ఉంది. మహలా అంటే మన హైదరాబాదు మొహల్లానే, తుర్కుల వెంట అటువైపు వెళ్ళిన మాట. అక్కడ ఉండేవాళ్ళు ఎక్కువగా రోమాలు, అంటే జిప్సీలని పిలుస్తూ వచ్చిన, వెయ్యేళ్ళ కిందట మన ఉత్తరాది నుంచి వెళ్ళిన జనం. 1999, 2000 సంవత్సరాల్లో ఆ వాడ కరెంటు మీటర్లన్నిటినీ స్తంభాల మీద 6, 7 మీటర్ల ఎత్తున బిగించారు. అంటే రెండంతస్తుల మేడంత ఎత్తు. మిగతా వాడల్లో మీటరు 1.70 మీటర్ల ఎత్తులో, ఇంటి గోడకో ప్రహరీకో ఉంటుంది. ఎందుకింత ఎత్తు అంటే, ఇక్కడ మీటర్లు తిప్పేస్తున్నారు, దొంగ కనెక్షన్లు లాగుతున్నారు అని కరెంటు కంపెనీ జవాబు. ఎవరు లాగారు, ఎన్ని ఇళ్ళు లాగాయి అన్న ప్రశ్న లేదు. వాడ మొత్తానికీ ఒకటే శిక్ష.

ఆ వాడలో కిరాణా కొట్టు నడుపుకునే ఒకావిడ 2008 డిసెంబరులో ఫిర్యాదు చేసింది. బిల్లు సరిగా వచ్చిందో లేదో చూసుకుందామంటే మీటరు కంటికి ఆనడం లేదని ఆవిడ బాధ. ఆవిడ రోమా కాదు. అయినా ఆ కేసు యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం దాకా వెళ్ళింది. 2015 జూలైలో తీర్పు వచ్చింది. ఒక వాడను మొత్తంగా దొంగల వాడగా చూపించే ఈ పద్ధతి అవమానకరమని, వివక్ష రోమాల మీద గురిపెట్టినా దాని దెబ్బ తగిలిన ఎవరైనా యూరోపియన్ యూనియన్ జాతి సమానత్వ చట్టం కింద రక్షణ అడగొచ్చని కోర్టు చెప్పింది. తుది నిర్ణయం మాత్రం బల్గేరియా కోర్టుకే వదిలింది.

జాతి అసమానత మీద యూరప్ దేశాల విధానాలను పోల్చమని ఎవరైనా అడిగితే నేను ఈ మీటరుతోనే మొదలుపెడతాను. ప్రతి విధానాన్నీ దీని ముందు నిలబెట్టి, నువ్వుంటే ఈ మీటరు కిందికి దిగేదా అని అడుగుతాను. పబ్లిక్ పాలసీ చదివే పిల్లలకు, గ్రూప్-1కు తయారయ్యేవాళ్ళకు, యూరప్‌లో స్థిరపడి అక్కడి కౌన్సిల్ ఎన్నికల్లో ఓటేసే మనవాళ్ళకు ఈ పోలిక పనికొస్తుందని అనుకుంటున్నాను. ముందే ఒక మాట. మనం రిజర్వేషన్ల దేశంలో పుట్టాం కాబట్టి మన నోట వచ్చే మొదటి ప్రశ్న "అక్కడ కోటా ఉందా?" అన్నదే. యూరప్ విషయంలో అది మూడో ప్రశ్న. మొదటిది: మనుషుల జాతి మూలాన్ని ప్రభుత్వం లెక్క పెడుతుందా, పెడితే ఆ లెక్క ఎవరి చేతిలో ఉంటుంది? రెండోది: వివక్ష జరిగిందని ఎవరు రుజువు చేయాలి?

లెక్క పెట్టే దారి: బ్రిటన్

ఇంగ్లండులో నేనున్న రోజుల్లో ఏ ఫారం నింపినా చివరి పేజీలో ఆ గడులు ఎదురయ్యేవి. డాక్టరు దగ్గర పేరు నమోదుకు, ఉద్యోగానికి, లైబ్రరీ సర్వేకు కూడా. 'ఏషియన్ లేదా ఏషియన్ బ్రిటిష్' అని పెద్ద శీర్షిక, దాని కింద ఇండియన్, పాకిస్తానీ, బంగ్లాదేశీ, చైనీస్, ఇతరులు. మొదట్లో చిరాకేసింది. ఇక్కడ కూడానా అనుకున్నాను. ఆ గడులు ఎందుకొచ్చాయో తెలుసుకున్నాక చిరాకు సగం తగ్గింది.

1965, 1968, 1976 సంవత్సరాల్లో ఒకదాని వెంట ఒకటిగా వచ్చిన జాతి సంబంధాల చట్టాలు వివక్షను నిషేధించాయి. కానీ అవి చాలావరకు దెబ్బ తిన్నవాడు ఫిర్యాదు చేస్తే గానీ కదలని చట్టాలు. 1991 నుంచి జనగణనలో జాతి మూలం ప్రశ్న చేరింది. 1993 ఏప్రిల్ 22 రాత్రి ఆగ్నేయ లండన్‌లో బస్సు కోసం నిలబడ్డ 18 ఏళ్ళ నల్లజాతి కుర్రాడు స్టీఫెన్ లారెన్స్‌ను తెల్లజాతి కుర్రాళ్ళ గుంపు పొడిచి చంపింది. పోలీసులు దర్యాప్తును నీరుగార్చారు. తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి పోరాడితే విచారణ సంఘం వేశారు. 1999లో మాక్‌ఫర్సన్ నివేదిక వచ్చింది. తప్పు ఒకరిద్దరు పోలీసులది కాదు, సంస్థ పనితీరులోనే జాతి వివక్ష ఉంది అని తేల్చింది. దాని వెంటే 2000లో చట్టం మారింది, 2010 సమానత్వ చట్టంలో ఇంకా విస్తరించింది. ఇప్పుడు ప్రతి ప్రభుత్వ సంస్థా తాను తీసుకునే నిర్ణయం ఏ వర్గం మీద ఎలా పడుతుందో ముందే ఆలోచించాలి. ఎవరో ఫిర్యాదు చేసేదాకా ఆగడానికి లేదు.

ఈ బాధ్యతకు లెక్కలే ఆయువుపట్టు. లెక్క లేకపోతే "మా దగ్గర అలాంటిదేమీ లేదండీ" అనేసి చేతులు దులుపుకోవచ్చు. మనవాళ్ళకు దగ్గరి ఉదాహరణ చెప్తాను. అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో తెలుగు డాక్టర్లు, నర్సులు చాలామంది ఉన్నారు. 2015 నుంచి ఇంగ్లండులోని ప్రతి ఆసుపత్రి ట్రస్టూ జాతివారీగా తొమ్మిది కొలమానాల మీద తన లెక్కలు చూపించాలి. షార్ట్‌లిస్ట్ అయినవాళ్ళలో ఉద్యోగం దక్కే అవకాశం తెల్లవాళ్ళకు మిగతావాళ్ళ కంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువని ఏటా ఆ లెక్కలే చెబుతున్నాయి. "నాకెందుకో అలా అనిపిస్తోంది" అని క్యాంటీన్‌లో గొణుక్కునే మాట ఇప్పుడు బోర్డు మీటింగులో అంకెగా కూర్చుంటుంది. ప్రమోషన్ రాని డాక్టరుకు ఆ అంకె వల్ల ప్రమోషన్ రాదు, నిజమే. కానీ పిచ్చివాడన్న ముద్ర తప్పుతుంది.

2017లో థెరెసా మే ప్రభుత్వం ఇంకో అడుగు వేసి, బడి ఫలితాల నుంచి జైళ్ళ దాకా అన్ని శాఖల జాతివారీ అంకెలనూ ఒకే వెబ్‌సైట్‌లో పెట్టింది. ఆ అంకెలు అందరికీ నచ్చే కథ చెప్పవు. చైనీస్, ఇండియన్ పిల్లలు బడిలో సగటు కంటే బాగా పైన ఉంటారు. జిప్సీ, రోమా పిల్లలు అట్టడుగున ఉంటారు. పేద తెల్లవాళ్ళ పిల్లలు చాలా వర్గాల కంటే వెనకబడి ఉంటారు. 'మైనారిటీలు' అని ఒకే గంపలో వేసి మాట్లాడటం కుదరదని తేలిపోయింది.

ఇంత లెక్క పెట్టినా బ్రిటన్ కోటా ఇవ్వదు. అది చట్టవిరుద్ధం. ఇద్దరు అభ్యర్థులు అన్నివిధాలా సమానంగా ఉంటేనే తక్కువ ప్రాతినిధ్యం ఉన్న వర్గంవాడి వైపు మొగ్గవచ్చు. చెషైర్ పోలీసు శాఖ ఆ గీత దాటింది. పాసైన వందమందికి పైగా అభ్యర్థులను అందరూ సమానమే అనేసి వాళ్ళలోంచి ఏరుకుంటే, 2019లో ఒక తెల్ల అభ్యర్థి ట్రిబ్యునల్‌లో గెలిచాడు.

గడుల్లోనూ లోపముంది. 'ఇండియన్' గడిలో కులం కనబడదు. కులాన్ని కూడా జాతి వివక్ష కింద చేర్చాలని 2013లో పార్లమెంటు ప్రభుత్వానికి బాధ్యత పెట్టింది. అక్కడి భారతీయుల్లోనే దీనిమీద గట్టి గొడవ నడిచింది. 2018లో ప్రభుత్వం, కోర్టు తీర్పులే చాలులే అని వెనక్కి తగ్గింది. మనం వెంట తీసుకెళ్ళిన అసమానత మనకిచ్చిన గడిలోనే దాక్కుంది.

లెక్క పెట్టనంటే పెట్టననే దారి: ఫ్రాన్స్

1958 ఫ్రెంచి రాజ్యాంగం మొదటి అధికరణమే మూలం, జాతి, మతం అన్న తేడా లేకుండా పౌరులందరూ చట్టం ముందు సమానమంటుంది. దాన్ని వాళ్ళు అక్షరాలా పట్టుకున్నారు. ప్రభుత్వం మనిషి జాతిని అడగకూడదు, రాయకూడదు. 2007 నవంబరులో అక్కడి రాజ్యాంగ మండలి, జాతి మూలం ఆధారంగా అధ్యయనాలకు దారితీసే చట్ట నిబంధనను కొట్టేసింది. యానాం నుంచి వెళ్ళి ఫ్రెంచి పౌరులైన తెలుగువాళ్ళ మనుమలు అక్కడి జనగణనలో ఫ్రెంచివాళ్ళు, అంతే. ఇంకో గడి లేదు. ఇందులో ఒక గౌరవం ఉందని నేను కాదనను. నువ్వెక్కడివాడివి అని మూడో తరాన్ని కూడా అడిగే దేశాల కంటే అది నయం కదా అనిపిస్తుంది కూడా.

ఈ పట్టుదల వెనక చరిత్ర ఉంది. నాజీ ఆక్రమణ కాలంలో యూదుల జాబితాలు ఎలా ఉపయోగపడ్డాయో ఫ్రాన్స్‌కు తెలుసు. దగ్గరలోనే నెదర్లాండ్స్‌లో జనాభా రిజిస్టరు ఎంత పకడ్బందీగా ఉండేదంటే, 1943 మార్చిలో ప్రతిఘటన దళంవాళ్ళు పోలీసు యూనిఫాం వేసుకుని వెళ్ళి ఆమ్‌స్టర్‌డామ్ రిజిస్టరు కార్యాలయాన్నే పేల్చేశారు. కార్డులు కాలితే ప్రాణాలు దక్కుతాయని వాళ్ళ ఆశ. కొంతే కాలింది. ఆ దేశపు యూదుల్లో నాలుగింట మూడొంతుల మంది బతికి బయటపడలేదు. లెక్క పెట్టడం మంచిదే కదా అని మనం తేలిగ్గా అనేముందు ఈ సంగతి గుర్తుండాలి.

మరి జాతి అడక్కుండా ఫ్రాన్స్ ఏం చేస్తుంది? మనిషిని వదిలి చోటును పట్టుకుంటుంది. 1981లో ప్రాధాన్య విద్యా మండలాలు పెట్టి పేద వాడల బడులకు ఎక్కువ డబ్బు, ఎక్కువ టీచర్లు ఇచ్చింది. 2005 అక్టోబరులో పారిస్ శివారు క్లిషీ-సూ-బువాలో పోలీసులకు భయపడి ఇద్దరు కుర్రాళ్ళు కరెంటు సబ్‌స్టేషన్‌లో దూరి షాక్ కొట్టి చనిపోయారు. ఆ తర్వాత మూడు వారాలు దేశమంతా కార్లు తగలబడ్డాయి. 2014లో కొత్త చట్టం వచ్చింది. పటాన్ని 200 మీటర్ల గడులుగా కోసి, ఆదాయం ఒక్కటే చూసి, దాదాపు 1,500 వాడలను ఎంపిక చేశారు. జాతి గడి వద్దన్న దేశం భూమికి గడులు గీసిందన్నమాట.

ఇందులో పనిచేసినవి ఉన్నాయి. 2017 నుంచి అతి వెనకబడిన వాడల్లో ఒకటో తరగతిని పన్నెండు మంది పిల్లలకు ఒక టీచరు చొప్పున సగానికి కోశారు. చదవడంలో, లెక్కల్లో పిల్లలు కొంత మెరుగుపడ్డారు. పనిచేయనివీ ఉన్నాయి. 1980ల మండలాల మీద ఆర్థికవేత్తలు చేసిన మదింపులో పిల్లల ఫలితాల్లో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. డబ్బు పలుచగా పంచితే అంతేగా. పైగా ఆ ముద్ర పడ్డ బడి నుంచి స్తోమత ఉన్న తల్లిదండ్రులు పిల్లల్ని తీసేసుకుంటారు. ఇంకో తమాషా చూడండి. కొన్ని పిన్‌కోడ్‌లు చూడగానే కంపెనీలు సీవీలు పక్కన పడేస్తున్నాయని, అదే 2014 చట్టంలో నివాస స్థలం ఆధారంగా వివక్ష చూపడాన్ని కూడా నేరాల జాబితాలో చేర్చాల్సి వచ్చింది. జాతిని దాస్తే అడ్రసు జాతి అయింది.

పేరు లేని సీవీ కథ కూడా చెప్పాలి, ఇది నాకిష్టమైన పాఠం. పేరు, ఫోటో, అడ్రసు తీసేస్తే వివక్ష పోతుంది కదా అని 2006లో చట్టం చేశారు. 2009, 2010లో ప్రయోగం చేసి చూస్తే ఫలితం తిరగబడింది. వలస మూలాలున్న అభ్యర్థులకు పేరు లేని సీవీలతో ఇంటర్వ్యూ పిలుపులు తగ్గాయి. ఆ ప్రయోగంలో తమంతట తాము చేరిన కంపెనీలు అంతకుముందే కాస్త సానుకూలంగా ఉండేవి. పేరు కనిపిస్తే, పాపం ఈ అబ్బాయి ఎలాంటి వాడలో పెరిగి ఇంతవరకు వచ్చాడో అని సీవీలో కనిపించే ఒక ఖాళీని క్షమించేవి. పేరు తీసేశాక ఆ ఖాళీ ఒక్కటే కనబడింది. మంచి ఉద్దేశంతో చేసిన పనిని కూడా ముందు చిన్నగా పరీక్షించి చూడాలన్నదానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. 2015లో ఆ నిబంధనను ఐచ్ఛికం చేసేశారు.

ఫ్రాన్స్ పద్ధతికి అసలు దెబ్బ పోలీసు తనిఖీల దగ్గర తగులుతుంది. 2017లో హక్కుల రక్షకుడి కార్యాలయం సర్వే చేసింది. చూడగానే అరబ్బులుగానో నల్లవాళ్ళుగానో అనిపించే యువకులను పోలీసులు ఆపే అవకాశం మిగతావాళ్ళ కంటే 20 రెట్లు ఎక్కువని తేలింది. ఒక స్వతంత్ర సంస్థ సర్వే చేసి పట్టుకున్న అంకె ఇది. పోలీసు శాఖ దగ్గర ఇలాంటి లెక్కే ఉండదు. వీధిలో పోలీసుకు రంగు కనబడుతుంది, ఆఫీసులో ఫైలుకు కనబడదు. డుప్నిత్సా మీటరు ఫ్రాన్స్‌లో ఉండి ఉంటే? ఆ వాడకు కొత్త వైరింగుకు నిధులొచ్చేవి. మీటరు అంత పైన ఎందుకుందో మాత్రం ఎవరూ పైకి అనేవారు కాదు.

లెక్క తప్పు చేతిలో పడితే

నెదర్లాండ్స్, డెన్మార్క్ మనిషి మూలాన్ని బాగానే లెక్క పెడతాయి, అదీ మనిషిని అడక్కుండానే. తల్లిదండ్రులు ఎక్కడ పుట్టారో రిజిస్టరులోంచే తీసుకుంటాయి. బ్రిటన్‌లో నేను పెన్ను పట్టుకుని టిక్ పెట్టాను, ఇష్టం లేకపోతే 'చెప్పను' అనే గడి కూడా ఉంటుంది. ఈ తేడా చిన్నది కాదు.

నెదర్లాండ్స్ పన్నుల శాఖ పిల్లల సంరక్షణ భత్యంలో మోసాలు పట్టుకోవడానికి కంప్యూటరుకు కొన్ని గుర్తులు నేర్పింది. అందులో పౌరసత్వం ఒకటి. వేలాది కుటుంబాలు చిన్న సంతకం పొరపాటుకో, ఏ పొరపాటూ లేకుండానో మోసగాళ్ళ ముద్ర వేయించుకుని వేల యూరోలు తిరిగి కట్టాల్సి వచ్చింది. ఇళ్ళు పోయాయి, సంసారాలు విడిపోయాయి. 2021 జనవరి 15న ప్రధాని రుట్టె మంత్రివర్గం మొత్తం రాజీనామా చేసింది. ద్వంద్వ పౌరసత్వ సమాచారాన్ని వివక్షాపూరితంగా వాడినందుకు ఆ శాఖకు డేటా రక్షణ సంస్థ 27.5 లక్షల యూరోల జరిమానా వేసింది. అదే దేశంలో 1998 నుంచి 2003 దాకా కంపెనీలు తమ ఉద్యోగుల మూలాల లెక్క ఇవ్వాలనే చట్టం ఉండేది. అది మేలు చేసే లెక్క. దాన్ని కాగితాల భారమని పోనిచ్చారు. ఎవరికి మేలు చేసే లెక్క పోయి ఎవరిని పట్టుకునే లెక్క మిగిలిందో చూడండి.

డెన్మార్క్ ఇంకా సూటిగా పోయింది. 2018లో 'సమాంతర సమాజాలు' వద్దంటూ చట్టాల మూట తెచ్చింది. కనీసం వెయ్యిమంది ఉండే ప్రభుత్వ సాయపు ఇళ్ళ కాలనీలో ఆదాయం, ఉద్యోగం, చదువు, నేరం అనే నాలుగు కొలతల్లో రెండు తప్పితే అది బలహీన ప్రాంతం. అదే కాలనీలో సగం కంటే ఎక్కువమంది 'పాశ్చాత్యేతరులు' ఉంటే దాని పేరు ఘెట్టో. పేరును తర్వాత మార్చారు, పద్ధతిని మార్చలేదు. వరసగా కొన్నేళ్ళు జాబితాలో ఉంటే 2030 నాటికి అక్కడి కుటుంబ నివాసాలను 40 శాతానికి తగ్గించాలి. కూల్చినా, అమ్మినా, మార్చినా సరే. అక్కడి పిల్లలు ఏడాది నిండగానే వారానికి 25 గంటలు నర్సరీలో ఉండాలి, లేకపోతే భత్యం కట్. కోపెన్‌హాగన్‌లో మ్యోల్నర్‌పార్కెన్ కాలనీవాళ్ళు కోర్టుకెళ్ళారు. ఇది నేరుగా జాతి వివక్షేనని 2025 ఫిబ్రవరిలో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానపు అడ్వొకేట్ జనరల్ (తీర్పుకు ముందు కోర్టుకు సలహా ఇచ్చే న్యాయాధికారి) అభిప్రాయం చెప్పారు.

'పాశ్చాత్యేతరులు' అన్న మాటలో భారతీయులూ ఉన్నారు. కోపెన్‌హాగన్‌లో నెలకు లక్షల్లో జీతం తీసుకునే తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, అక్కడ పుట్టిన అతని కూతురు, ఇద్దరూ ఆ లెక్కలోకే వస్తారు. నర్సరీకి పంపడం, భాష నేర్పడం మంచివే. అయితే అన్ని పేద వాడల్లోనూ చేయండి. సగం దాటితే కూల్చడమంటే ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్టే. డుప్నిత్సా మీటరు ఈ పద్ధతిలో తప్పకుండా కిందికి దిగుతుంది, స్తంభంతో, ఇంటితో సహా.

కోర్టు దారి, దాని వేగం

2000లో యూరోపియన్ యూనియన్ జాతి సమానత్వ ఆదేశం తెచ్చింది. సభ్యదేశాలన్నీ దాన్ని తమ చట్టాల్లోకి తెచ్చుకోవాలి. నా లెక్కలో దానిలో గొప్ప విషయం ఒకటే. వివక్షను అనుమానించడానికి సరిపడా ఆధారం చూపిస్తే చాలు, తాను వివక్ష చూపలేదని రుజువు చేసుకోవాల్సిన బరువు అవతలివాడి మీద పడుతుంది. మనసులో ఏముందో బాధితుడు నిరూపించలేడు కదా.

ఆ ఆధారం ఎక్కడ దొరుకుతుంది? మళ్ళీ లెక్కలోనే. చెక్ దేశంలో ఒస్త్రవా నగరంలో రోమా పిల్లలను మందబుద్ధులంటూ ప్రత్యేక బడుల్లో వేసేవారు. నగరం బడిపిల్లల్లో రోమాలు రెండు శాతం చిల్లర, ప్రత్యేక బడుల్లో మాత్రం సగానికి పైన. మామూలు పిల్లవాడి కంటే రోమా పిల్లవాడు అక్కడ తేలే అవకాశం 27 రెట్లు. ఈ లెక్కను ప్రభుత్వం ఇవ్వలేదు. రోమా హక్కుల కేంద్రం వాళ్ళు ప్రతి బడికీ ప్రశ్నపత్రం పంపి హెడ్‌మాస్టర్ల చేత పూరింపజేసి కూడగట్టారు. 18 మంది పిల్లలు స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్ళారు. 2006లో ఓడిపోయారు. 2007 నవంబరులో పెద్ద ధర్మాసనం 13-4తో గెలిపించింది. ఎవరికీ దురుద్దేశం ఉందని చూపనక్కర్లేదు, మొదటి ఆధారంగా నమ్మదగిన అంకెలే చాలునని చెప్పింది. పరిహారం తలకు 4,000 యూరోలు. అప్పటికి ఆ పిల్లలు బడి వయసు దాటిపోయారు.

అందుకే కోర్టు దారి లేకుండా కుదరదు, అదొక్కటే ఉన్నా కుదరదు. డుప్నిత్సాలో మీటరు బిగించిన నాటి నుంచి యూరోపియన్ యూనియన్ న్యాయస్థానపు తీర్పు దాకా పదిహేనేళ్ళు.

కోటా: యూరప్ నుంచి రెండు ఉదాహరణలు

యూరప్‌లో కోటాలే లేవనుకునేవాళ్ళు ఉత్తర ఐర్లండు వైపు చూడరు. అక్కడి చీలిక మతం పేరుతో కనబడినా నిజానికి రెండు సమాజాల మధ్యది. పాత పోలీసు దళంలో కాథలిక్కులు 8 శాతం, జనాభాలో 40 శాతం పైన. 1999 పాటెన్ నివేదిక ప్రకారం 2001 నుంచి కొత్త దళంలో నియామకాలు సగం సగం. ముందు అందరికీ ఒకే పరీక్ష, గీత దాటినవాళ్ళలోంచి ఒక కాథలిక్, ఒక ఇతరుడు. యూరోపియన్ యూనియన్ చట్టంలో దీనికోసం ప్రత్యేక మినహాయింపు రాయించుకున్నారు. 2011 మార్చికి కాథలిక్కులు 30 శాతం దగ్గరికొచ్చారు. అనుకున్నది అయిందని కోటా ఆపేశారు. మన దగ్గర ఈ మాట వినడమే కష్టం. అయితే ఆపాక ఆ అంకె 32 శాతం చుట్టూనే తచ్చాడుతోంది. గడువు పెట్టిన కోటా గోడ పడగొడుతుంది. ఆ తర్వాత జనం లోపలికి నడిచి రావడానికి వేరే నమ్మకం కావాలి, అది కోటా చేతిలో లేదు.

రెండోది రొమేనియా. అక్కడ రోమాలు శతాబ్దాల పాటు బానిసలు, 1850ల మధ్యలో గానీ విడుదల కాలేదు. 1992లో బుకారెస్ట్ విశ్వవిద్యాలయంలో సామాజిక సేవ కోర్సులో పది సీట్లతో మొదలై, తర్వాత దేశమంతా వందల సీట్లు రోమా విద్యార్థులకు విడిగా పెట్టారు. మనకు తహశీల్దారు కుల ధ్రువీకరణ పత్రం ఇస్తాడు, అక్కడ రోమా సంఘం ఉత్తరం ఇస్తుంది. ఆ సీట్లలోంచి టీచర్లు, బడికీ ఇంటికీ మధ్య తిరిగే మీడియేటర్లు వచ్చారు. కానీ 2021 జనగణనలో తాము రోమాలమని చెప్పుకున్నవాళ్ళు సుమారు 5,70,000 మందే. కౌన్సిల్ ఆఫ్ యూరప్ అంచనా 18 లక్షల పైచిలుకు. మిగతావాళ్ళు ఎందుకు చెప్పుకోలేదో ఊహించడానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. సీటు కావలసినప్పుడు ఉత్తరం తెచ్చుకునే కుర్రాడు అద్దె ఇంటికి వెళ్ళినప్పుడు ఆ సంగతి దాచుకుంటాడు. (రోమాలు దుయి, త్రిన్, పాంజ్ అని లెక్క పెడతారు, నీళ్ళను పానీ అంటారు. వెయ్యేళ్ళ కిందట మన ఉత్తరాది నుంచి నడిచి వెళ్ళిన భాష అది.)

మరి ఏది ఎంచుకోవాలి?

మీ దేశంలో, మీ నగరంలో జనం గడి నింపడానికే భయపడుతుంటే జాబితాల జోలికి పోకండి. బెల్జియం వాళ్ళ పద్ధతితో మొదలుపెట్టండి. ఒకే చదువు, ఒకే అనుభవం ఉన్న రెండు సీవీలు, పేర్లు మాత్రం వేరు, పంపి చూడటం. గెంట్ నగరం అద్దె ఇళ్ళ విషయంలో ఇలాంటి పరీక్షలు చేయిస్తోంది. బ్రసెల్స్‌లో 2018 నుంచి కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్లే ఈ పని చేయవచ్చు. బ్రిటన్‌లో 2019లో ప్రచురించిన ఇలాంటి పరీక్షలో, ఒకే సంఖ్యలో పిలుపులు రావాలంటే మైనారిటీ పేరున్న అభ్యర్థి 60 శాతం ఎక్కువ దరఖాస్తులు పంపాలని తేలింది. ఇందులో ఏ మనిషి పేరూ ఏ రిజిస్టరులోకీ ఎక్కదు. అంకె మాత్రం చేతికొస్తుంది, కోర్టులో బరువు అవతలివాడి మీదికి మారుతుంది. ఖర్చు తక్కువ, ప్రమాదం తక్కువ. దీన్ని ఇంకా ఎక్కువ దేశాలు ఎందుకు చేయవో నాకర్థం కాదు. బహుశా జవాబు ఏమొస్తుందో ముందే తెలుసు కాబట్టేమో.

ప్రభుత్వ సంస్థల మీద కాస్తో కూస్తో నమ్మకం ఉన్న చోట బ్రిటన్ దారి మేలు. మనిషి తానే చెప్పాలి, చెప్పనని కూడా అనగలగాలి, బయటికి మొత్తం అంకెలే రావాలి, పన్నుల శాఖకూ పోలీసులకూ విడి పేర్లు అందకూడదు. ఈ నాలుగూ లేకపోతే ఫ్రాన్స్ మొండితనమే నయం. బడుల విషయంలో మాత్రం ఎక్కడైనా ఫ్రాన్స్‌నే పట్టుకుంటాను. పేద వాడ బడికి డబ్బు ఇవ్వడానికి పిల్లవాడి తాత ఎక్కడివాడో అక్కర్లేదు. కాకపోతే పలుచగా పంచకుండా పన్నెండు మంది తరగతిలా చిక్కగా ఇవ్వాలి.

కోటాను పోలీసులాంటి చోటికి దాచుకుంటాను. రోజూ జనం మీద అధికారం చేసే దళంలో జనంలో ఒక భాగమే లేకపోతే, అప్పుడు ముందే గడువు రాసి పెట్టాలి. యూనివర్సిటీ సీట్లకు కూడా సరే, రొమేనియాలో ఫలితం కనబడింది. అన్ని ఉద్యోగాలకూ అనే మన అలవాటు అక్కడ నడవదు. చట్టమూ ఒప్పుకోదు, ఎవరు ఏ వర్గమో ధ్రువీకరించే యంత్రాంగమూ లేదు, దాన్ని కట్టడానికి 1943 గుర్తున్నవాళ్ళు ఒప్పుకోరు. డెన్మార్క్ దారిని ఎవరికీ సిఫారసు చేయను.

ఇక యూరప్‌లో ఉండి ఈ గడుల ముందు పెన్ను పట్టుకుని ఆగిపోయే మనవాళ్ళకు: ఫారం మీద మూడు సంగతులు చూడండి. నింపడం ఐచ్ఛికమా? ఆ పేజీని దరఖాస్తు నుంచి విడిగా తీసి పెడతారా? ఏటా లెక్క బయటపెడతారా? మూడింటికీ అవునంటే టిక్ పెట్టండి. మీరు డాక్టరో మేనేజరో అయి ఇబ్బందేమీ లేకపోయినా పెట్టండి, అదే గడిలో అదే ఆసుపత్రిలో ఊడ్చేవాళ్ళూ ఉంటారు. ఏ ఒక్కదానికి కాదన్నా ఖాళీగా వదిలి, కారణమేమిటని అడుగుతూ ఒక మెయిల్ పెట్టండి. నేను రెండుసార్లు పెట్టాను. ఒకసారి జవాబు రాలేదు. ఇంకోసారి, "ఇప్పటిదాకా ఎవరూ అడగలేదండీ, కనుక్కుని చెప్తాం" అని వచ్చింది.